చెవికి అందని 'డి': ఇంటర్ విద్యార్థుల ఇంగ్లీషు పరీక్ష కోసం రాసుకున్న ప్రాజెక్టు డైరీ

జులై 4, 2025

మా ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఎంపీసీ, బైపీసీ మొదటి సంవత్సరం గ్రూపులు రెండింటిలో కలిపి ఇప్పటికి 42 మంది చేరారు. వీళ్లకు ఇంగ్లీషు ఎంత వచ్చో పాఠాలు మొదలుపెట్టకముందే తెలుసుకోవాలని ఈ పని తలపెట్టాను. ఇందులో వచ్చిన మార్కులు ఏ రిజిస్టరులోకీ ఎక్కవని పిల్లలకు మొదటి రోజే చెప్పాను, వాళ్లు పెద్దగా నమ్మినట్టు లేదు.

తెలంగాణ ఇంటర్మీడియట్ బోర్డు 2023-24 విద్యా సంవత్సరం నుంచి మొదటి సంవత్సరం ఇంగ్లీషులో 20 మార్కులను ప్రాక్టికల్స్‌కు కేటాయించి, రాతపరీక్షను 80 మార్కులకు కుదించింది. అప్పటిదాకా ప్రాక్టికల్స్ అంటే ఫిజిక్సు, కెమిస్ట్రీ, జీవశాస్త్రాల వాళ్ల సొత్తు. మేము ఆ పరీక్షల రోజుల్లో ఇన్విజిలేషన్ చేసేవాళ్లం. ఇప్పుడు వినడం, మాట్లాడడం కూడా మార్కుల్లోకి వచ్చాయి కనుక వాటిని ఎలా కొలవాలన్న ప్రశ్న మా నెత్తిన పడింది.

నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతున్న విషయం మరొకటి ఉంది. రాతపరీక్షలో పలకని హల్లును గుర్తించమని, పదంలో ఎన్ని సిలబుల్స్ ఉన్నాయో రాయమని, నాలుగు పదాల్లో వేరే అచ్చు ధ్వని ఉన్న పదాన్ని ఏరమని ప్రశ్నలుంటాయి. ఇవన్నీ శబ్దానికి సంబంధించిన ప్రశ్నలే, అయినా విద్యార్థి ఒక్క శబ్దం కూడా వినకుండా, ఒక్క మాట కూడా పైకి పలకకుండా, గైడులో చూసిన జాబితాను గుర్తుచేసుకుని పూర్తి మార్కులు తెచ్చుకోగలడు. అలాంటప్పుడు వ్యాకరణం బిట్లలో బాగా రాసే పిల్లవాడికి అదే వ్యాకరణం చెవిన పడితే తెలుస్తుందా? ఈ పరీక్ష ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తయారు కావాలని అనుకున్నాను.

జులై 9

ముసాయిదా సిద్ధమైంది. వ్యాకరణానికి 30 ప్రశ్నలు, వినికిడికి 30 ప్రశ్నలు. ఆరు వ్యాకరణాంశాలను ఎంచుకున్నాను: భూతకాలపు 'ఇడి' ప్రత్యయం, ప్రథమ పురుష ఏకవచనంలో క్రియకు చేరే 'ఎస్', బహువచనపు 'ఎస్', ఆర్టికల్స్, నిషేధ రూపాలు, ప్రెజెంట్ పర్ఫెక్ట్‌కూ సాధారణ భూతకాలానికీ ఉన్న తేడా. రాతలో ఒక్కో అంశానికి అయిదేసి ప్రశ్నలు, వినికిడిలో మూడేసి చొప్పున 18 ప్రశ్నలు పోను, మిగిలిన 12 ప్రశ్నలు చిన్న సంభాషణల మీద ఉంటాయి.

ఈ ఆరింటినే ఎంచుకోవడానికి కారణం తెలుగులోనే ఉంది. మనకు ఆర్టికల్స్ లేవు. 'నేను చూశాను' అన్న ఒక్క మాట ఇంగ్లీషులోని రెండు కాలాల పనీ చేస్తుంది, కాబట్టి తెలుగువాడికి ఆ రెండింటి మధ్య గీత ఎక్కడుందో అనుభవంలోకి రాదు. ఇక ప్రత్యయాల విషయానికొస్తే, తెలుగులో దాదాపు ప్రతి ప్రత్యయమూ నిండు అచ్చుతో స్పష్టంగా వినిపిస్తుంది. 'వచ్చాడు'లోని 'డు'ను వినకుండా తప్పించుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఇంగ్లీషులో మాత్రం చాలాచోట్ల కాలాన్నీ వచనాన్నీ చెప్పే భారమంతా మాట చివర ఒక్క హల్లు మీద పడుతుంది, ఆ హల్లు పక్క మాటలో కలిసిపోతే మాట్లాడినవాడికి తప్ప ఇంకెవరికీ దాని జాడ దొరకదు.

ప్రతి ప్రశ్నకూ నాలుగు కాకుండా మూడే జవాబులు ఇస్తున్నాను. నాలుగోది ఎప్పుడూ దిక్కుతోచక రాసిందే అవుతుందని నా అనుభవం. దాన్ని ఎవరూ ఎంచుకోరు, చదవడానికి మాత్రం సమయం తింటుంది. అయితే మూడే ఉన్నప్పుడు కళ్లు మూసుకుని గుర్తు పెట్టినా 30కి 10 వస్తాయన్న సంగతి మరిచిపోకూడదు.

జులై 16

రికార్డింగు అనుకున్నంత తేలిక కాలేదు. మొదటి రోజు స్టాఫు రూములో చేస్తే ఫ్యాను చప్పుడే ఎక్కువగా వినిపించింది. చివరికి ఇంట్లో బట్టల బీరువా తలుపులు తెరిచి, ఫోనును చీరల మధ్య పెట్టి, ఎదురుగా నిలబడి చదివాను. శబ్దం శుభ్రంగా వచ్చింది, కానీ విని చూస్తే పాఠం చెబుతున్నట్టే ఉంది తప్ప మాట్లాడినట్టు లేదు. నిమిషానికి సుమారు 110 మాటలు వచ్చాయి. మామూలు ఇంగ్లీషు సంభాషణ నిమిషానికి 150 మాటల దాకా సాగుతుంది. పైగా నాది మా పిల్లలకు అలవాటైన గొంతు, అలవాటైన యాస. నా గొంతుతో పరీక్ష పెడితే నన్ను అర్థం చేసుకోగలరా లేదా అన్నదే తేలుతుంది.

రెండో గొంతు కోసం టెక్సాస్‌లో పుట్టి పెరిగిన మా అక్క కూతురిని అడిగాను. వాక్యాలు పంపిస్తే సాయంత్రానికల్లా రికార్డు చేసి పంపింది, కింద ఒక సందేశం కూడా జోడించింది: "మామయ్యా, ఇవి ఎవరూ మాట్లాడే మాటలు కావు. కొన్ని చోట్ల నేను మార్చేశాను, పర్వాలేదు కదా?" ఆ పిల్ల చెప్పింది నిజమే. నేను కాగితం మీద రాసే అలవాటుతో పూర్తి వాక్యాలు రాశాను. మనుషులు పూర్తి వాక్యాల్లో మాట్లాడుకోరు. పర్వాలేదనే జవాబిచ్చాను. 

జులై 23

రెండో సంవత్సరం విద్యార్థులు అయిదుగురిని కూర్చోబెట్టి, రికార్డింగు వినిపించకుండా, సంభాషణల మీది 12 ప్రశ్నలకు జవాబులు రాయమన్నాను. అయిదుగురూ అయిదు ప్రశ్నలకు సరైన జవాబే రాశారు. జ్వరంతో వచ్చిన రోగిని డాక్టరు ఏం తాగమన్నాడని అడిగి, వేడినీళ్లు, కూల్‌డ్రింకు, కాఫీ అని ఇచ్చాను. ఆ ప్రశ్నకు చెవులు అవసరం లేదు, ఇంట్లో ఒక అమ్మమ్మ ఉంటే చాలు. అలాంటి అయిదింటినీ తీసేసి, లోకజ్ఞానంతో చెప్పడానికి వీల్లేని సంగతులే ఉండేలా కొత్తవి రాశాను. బస్టాండు విచారణ కేంద్రంలో బస్సు 13వ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందా, 30వ దాని మీదికి వస్తుందా అన్నది వినకుండా చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ ప్రశ్నలో మన వాళ్లకు తెలియని కష్టం ఒకటుంది. ఇంగ్లీషువాళ్లు 'థర్టీన్' అన్నప్పుడు రెండో భాగం మీద, 'థర్టీ' అన్నప్పుడు మొదటి భాగం మీద ఊనిక ఇస్తారు. చివరి 'న్' సరిగా వినిపించని చోట ఆ ఊనికే ఆధారం, మనం మాత్రం రెండింటినీ ఒకే తూకంతో పలుకుతాం.

ఎక్కువ వాదన జరిగింది వేరే విషయం మీద. వినికిడి ప్రశ్నలకు జవాబుల పట్టిక ఏ భాషలో ఉండాలి? ఇంగ్లీషులో పెడితే విన్నది అర్థమైనవాడు కూడా చదవలేక తప్పు పెట్టవచ్చు, అప్పుడది వినికిడి పరీక్ష ముసుగులో పఠన పరీక్ష అవుతుంది. తెలుగులో పెడదామంటే మా ఎకనామిక్స్ లెక్చరర్ "ఇంగ్లీషు పరీక్షలో తెలుగేంది సార్, రేపు ఎక్స్‌టర్నల్ వస్తే ఏమంటడు?" అన్నారు. ఆయన అభ్యంతరం కన్నా నన్ను ఆలోచనలో పడేసిన సంగతి మరొకటి: ఈ 42 మందిలో ఇంట్లో లంబాడీ మాట్లాడేవాళ్లున్నారు, ఉర్దూ మీడియం నుంచి వచ్చిన వాళ్లు ముగ్గురున్నారు. తెలుగు పెడితే ఆ ముగ్గురికి అన్యాయం జరుగుతుంది. చివరికి వీలైనంత వరకు అంకెలు, గడియారం బొమ్మలు, చిన్న గీతల బొమ్మలు వాడి, తప్పనిసరి అయిన చోట మాత్రం అతి తేలికైన ఇంగ్లీషు మాటలు పెట్టాను. కాలాన్ని అడిగే ప్రశ్నలకు వెనక్కి చూపే బాణం, నిలువు గీత, ముందుకు చూపే బాణం ఇచ్చాను. అంటే గతం, ఇప్పుడు, మున్ముందు. నా బొమ్మలు చూసి పిల్లలు నవ్వుకున్నారు, కానీ వాటి అర్థం అడిగినవాళ్లు ఎవరూ లేరు.

ఈ బ్యాచ్ గురించి ఇక్కడే ఒక మాట రాసి పెట్టుకోవాలి. రాష్ట్రంలో ప్రభుత్వ పాఠశాలల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమం 2022-23లో మొదలైంది. ఆ ఏడాది ఎనిమిదో తరగతిలో ఉన్నవాళ్లే ఇప్పుడు మా ముందు కూర్చున్నారు. అంటే ఏడో తరగతి దాకా తెలుగులో చదివి, చివరి మూడేళ్లు ఇంగ్లీషు పుస్తకాలు పట్టుకున్నవాళ్లు ఇందులో చాలామంది ఉన్నారు.

జులై 30

పరీక్ష పెట్టడం, రద్దు చేయడం ఒక్కరోజే జరిగాయి. మా పెద్ద గదికి పైన రేకులు. ఏడో ప్రశ్న దగ్గర వాన మొదలైంది, తొమ్మిదో ప్రశ్నకు వచ్చేసరికి రేకుల మీద మోత తప్ప స్పీకరు ఉందన్న ఆనవాలు కూడా లేదు. పిల్లలు మాత్రం బుద్ధిగా జవాబులు రాస్తూనే ఉన్నారు. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా అనిపించింది అదే. ఏమీ వినపడకపోయినా చేయెత్తి అడగకుండా, ఏదో ఒక గడిలో టిక్కు పెట్టి ముందుకు పోవడం వాళ్లకు పరీక్షలు నేర్పిన మర్యాద కాబోలు.

ఆగస్టు 7

ఈసారి 21 మంది చొప్పున రెండు బ్యాచ్‌లుగా చేసి, శ్లాబు ఉన్న చిన్న గదిలో, వాన లేని ఉదయం చూసుకుని పెట్టాను. స్పీకరును బల్ల మీద కాకుండా గది మధ్యలో కుర్చీ మీద ఉంచాను. వెనక బెంచీల వాళ్లకూ ముందు బెంచీల వాళ్లకూ మార్కుల్లో తేడా వస్తే అది వాళ్ల ఇంగ్లీషు తేడా కాదు, గది తేడా. ఆ అనుమానంతో ప్రతి జవాబు పత్రం మీదా బెంచీ సంఖ్య వేయించాను. తర్వాత కూడి చూస్తే చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జపాన్‌లో విశ్వవిద్యాలయ ప్రవేశానికి నిర్వహించే జాతీయ పరీక్షలో 2006లో ఇంగ్లీషు వినికిడిని చేర్చినప్పుడు, గదికొక స్పీకరు పెట్టకుండా అభ్యర్థికొక చిన్న ప్లేయరు, ఇయర్‌ఫోను చేతికిచ్చారు. అప్పుడు ఆ వార్త చదివి అంత ఖర్చెందుకని అనుకున్నాను. రేకుల గది అనుభవం తర్వాత అలా అనుకోవడం లేదు.

ఒకసారి వినిపించాలా, రెండుసార్లా అన్నది కూడా తేల్చుకోవలసి వచ్చింది. ఐఈఎల్‌టీఎస్‌లో 40 ప్రశ్నలకూ రికార్డింగు ఒక్కసారే వస్తుంది. చైనాలో ఇంటర్ స్థాయి పిల్లలు రాసే గావ్‌కావ్ పరీక్ష జాతీయ పత్రంలో ఇంగ్లీషుకున్న 150 మార్కుల్లో వినికిడికి 30 ఉంటాయి. అందులో మొదటి అయిదు చిన్న సంభాషణలు ఒక్కసారి, ఆ తర్వాతి పెద్దవి రెండుసార్లు వినిపిస్తారు. నేనూ ఆ పద్ధతినే తీసుకున్నాను. ఒక్క వాక్యపు ప్రశ్నలు ఒకసారి, సంభాషణలు రెండుసార్లు. వినికిడి ముందు, వ్యాకరణం తర్వాత, మధ్యలో పది నిమిషాల విరామం.

ఆగస్టు 13

మార్కులు లెక్క కట్టడం పూర్తయింది. ప్రతి ప్రశ్నకూ రెండు లెక్కలు వేశాను. మొదటిది, ఎంతమంది సరిగా రాశారన్నది. రెండోది, మొత్తం మీద బాగా రాసినవాళ్లనూ వెనకబడినవాళ్లనూ ఆ ప్రశ్న విడదీయగలిగిందా అన్నది. రెండోదానికి అమెరికా గణాంక నిపుణుడు ట్రూమన్ కెల్లీ 1939లో సమర్థించిన పద్ధతి ప్రకారం పైనుంచి 27 శాతం, కిందనుంచి 27 శాతం మందిని తీసుకోవాలి. 42 మందిలో అది 11 మంది. పై 11 మందిలో సరైన జవాబుల సంఖ్యలోంచి కింది 11 మందిలో సరైన జవాబుల సంఖ్య తీసేసి 11తో భాగిస్తే విచక్షణ సూచిక వస్తుంది. కాగితం, పెన్సిలు ఉంటే చాలు, కంప్యూటరు అక్కర్లేదు.

వ్యాకరణంలో 22వ ప్రశ్న దగ్గర లెక్క తప్పానేమోనని మూడుసార్లు వేశాను. పై 11 మందిలో సరిగా రాసింది అయిదుగురు, కింది 11 మందిలో ఎనిమిది మంది. సూచిక మైనస్ 0.27. ప్రశ్న తేలికైనదే: వాక్యం చివర 'యెట్' ఉంది, మీ అన్నయ్య భోజనం చేశాడా అన్న అర్థం వచ్చేలా ఖాళీలు పూరించాలి. నా కీ ప్రకారం 'హాజ్', 'ఈటెన్' రావాలి. బాగా చదివే ఆరుగురు 'డిడ్', 'ఈట్' అని పెట్టారు. పిలిచి అడిగితే ఎంపీసీ అబ్బాయి ఒకడు తడుముకోకుండా చెప్పాడు: "సార్, గంట కింద మీ రికార్డింగులనే ఆ మేడమ్ 'డిడ్ యూ ఈట్ యెట్' అన్నది. మీరే వినిపించిన్రు కద."

జులైలో 'పర్వాలేదు' అన్నందుకు వచ్చిన ఫలితం ఇది. అమెరికా వాడుకలో 'యెట్', 'ఆల్రెడీ' ఉన్న చోట కూడా సాధారణ భూతకాలం చెల్లుతుంది, మా పాఠ్యపుస్తకం అనుసరించే బ్రిటిష్ పద్ధతిలో చెల్లదు. మా మేనకోడలు తనకు సహజమైన మాటే అంది. శ్రద్ధగా విన్నవాళ్లు, విన్నది గుర్తుపెట్టుకుని రాతలో వాడగలిగినవాళ్లు మార్కు పోగొట్టుకున్నారు. 'యెట్ కనిపిస్తే పర్ఫెక్ట్' అని బట్టీ పట్టినవాళ్లు తెచ్చుకున్నారు. తర్వాతి ముసాయిదాలోంచి ఆ ప్రశ్నను తీసేసి, ఈసారికి ఆ ఆరుగురికీ మార్కు కలిపాను.

పరీక్ష మొత్తంగా ఎంత నిలకడగా ఉందో చూడటానికి క్యూడర్, రిచర్డ్‌సన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1937లో ఇచ్చిన సూత్రం వాడాను. ఫలితం 1కి ఎంత దగ్గరగా ఉంటే పరీక్ష అంత నిలకడ. దాన్ని 20వ సూత్రం అంటారు, వాళ్ల వ్యాసంలో దాని వరస సంఖ్య అదే కనుక. వ్యాకరణానికి 0.84, వినికిడికి 0.61 వచ్చాయి. వినికిడి విభాగాన్ని ఇంకా నమ్మడానికి లేదు.

ఆగస్టు 21

ఈ వారమంతా ఒక్క 'ఇడి' ప్రత్యయం దగ్గరే ఉండిపోయాను. మిగిలిన అయిదింటిలోనూ రాతకూ వినికిడికీ తేడా ఉంది కానీ, ఇక్కడున్నంత లేదు. రాతలో ఈ ప్రత్యయం మీది మొదటి ప్రశ్నకు 42 మందిలో 34 మంది సరిగా రాశారు. వినికిడిలో 'దె వర్క్‌డ్ టుగెదర్ ఇన్ ఎ హోటల్' అన్న వాక్యానికి వెనక్కి చూపే బాణం ఎంచుకున్నది 15 మంది. మూడు జవాబుల్లో గుడ్డిగా ఒకటి గీసినా 14 మందికి తగలాలి. అంటే ఆ వాక్యంలో భూతకాలం ఎవరికీ వినిపించలేదనే అర్థం.

ఆ రికార్డింగును నేను మళ్లీ విన్నాను, నాకూ వినిపించలేదు. 'వర్క్‌డ్' అని రాస్తాం కానీ, 'క్' తర్వాత ఆ ప్రత్యయం 'డ్' కాదు, 'ట్'. దాని వెనకే 'టుగెదర్'లోని 'ట్' వచ్చి రెండూ ఒకటై కూర్చున్నాయి. మేనకోడలికి పంపి, కాగితం చూడకుండా విని ఇది ఇప్పటి సంగతో, అప్పటి సంగతో చెప్పమన్నాను. "మామయ్యా, నేనే మాట్లాడాను, నాకే తెలియట్లేదు" అంది. పుట్టుకతో ఆ భాష మాట్లాడే మనిషికి తేలని తేడాను మండల కేంద్రంలోని పదహారేళ్ల పిల్లలను తేల్చమనడం నా తప్పు. ఆ ప్రశ్నను రద్దు చేశాను.

దాని బదులు, ప్రత్యయం వెంట అచ్చు వచ్చే వాక్యాలు మూడు పెట్టాను: 'షి వర్క్‌డ్ ఇన్ ఎ బ్యాంక్' లాంటివి. అచ్చు ముందు ఆ 'ట్' స్పష్టంగా పలుకుతుంది. వాటిని మళ్లీ వినిపిస్తే సగటున 22 మంది సరిగా చెప్పారు. మెరుగే, అయినా రాతలోని 34కు చాలా దూరం. పిల్లలు ఎదురుచూస్తున్నది 'వర్కుడు' అన్న మాట కోసం, వచ్చింది 'వర్క్టిన్'. వాళ్లు వెతుకుతున్న 'డి' అక్కడ లేనే లేదు.

చెవికీ కంటికీ మధ్య ఇంత అంతరం ఉందని అప్పటికి నిర్ణయానికి వచ్చి, స్టాఫు రూములో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

ఆగస్టు 25

ఆ నిర్ణయం నిలవలేదు. రాతలో అయిదుకు అయిదూ తెచ్చుకుని, వినికిడిలో ఒక్కటీ తెచ్చుకోలేని బైపీసీ అమ్మాయిని కూర్చోబెట్టి, రాతలో 'ఇడి' ఎక్కడ పెట్టాలో ఎలా తెలిసిందమ్మా అని అడిగాను. "యెస్టర్డే అని ఉంటది కద సార్. లాస్ట్ వీక్, టూ డేస్ ఎగో, గట్ల ఏదో ఒకటి ఉంటది. అవి లేకుంటే ఎట్ల తెలుస్తది?" అంది.

నా అయిదు ప్రశ్నలూ తీసి చూసుకున్నాను. అయిదింటిలోనూ కాలాన్ని చెప్పే మాట ఉంది. ఆ అమ్మాయి భూతకాలాన్ని గుర్తించలేదు, 'యెస్టర్డే' అన్న మాటను గుర్తించింది. ఆమె చేసింది తప్పు కాదు. పదో తరగతి నుంచి బిట్లన్నీ అలాగే ఉంటాయి, ఆనవాలు చూసి జవాబు పెట్టడమే వ్యాకరణమని మేమే నేర్పాం. నేను ఒక విభాగంలో ఆనవాలు పెట్టి, రెండో విభాగంలో తీసేసి, రెండింటి మధ్య తేడాను చెవి లోపం కింద రాసుకున్నాను.

సెప్టెంబరు 4

వ్యాకరణ విభాగాన్ని తిరగరాశాను. ఈసారి ఆనవాలు మాటలు లేవు. కాలం ముందు వాక్యం చదివితేనే తెలుస్తుంది. ఉదాహరణకు, మా తాత ఇప్పుడు లేడు అన్న అర్థమొచ్చే వాక్యం ముందిచ్చి, ఆయన రోజూ పొలానికి నడిచివెళ్లే సంగతిని తర్వాతి వాక్యంలో పూరించమన్నాను. ఇలాంటివి రాయడం కష్టం. ఒక్కో ప్రశ్నకు నాకు అరగంట పట్టింది, వాటిలో సగం, రెండేసి జవాబులు సరిపోతాయని తేలడంతో పక్కన పెట్టాల్సి వచ్చింది. 'యెస్టర్డే' పెట్టి ప్రశ్నలు రాసేవాళ్లు ఎందుకలా రాస్తారో అప్పుడు అర్థమైంది: దానికి రెండో జవాబు ఉండదు, కీ మీద ఎవరూ గొడవ పెట్టుకోరు.

'ఇడి' మీద కొత్త అయిదు ప్రశ్నలకు సగటున 42 మందిలో 24 మంది సరిగా రాశారు. అచ్చు ముందు వచ్చే వినికిడి ప్రశ్నల్లో 22. నేను చెప్పుకుని తిరిగిన అంతరం ఇద్దరు విద్యార్థుల తేడాకు తగ్గిపోయింది. చెవిని తప్పుపట్టడానికి ఇక ఏమీ మిగల్లేదు, ఆ వ్యాకరణం కంటికీ అందలేదు.

సెప్టెంబరు 17

బిట్లను పక్కనపెట్టి డిక్టేషన్ ప్రయత్నించాను. ఆరు వాక్యాలు, మేనకోడలి గొంతులో మూడేసి సార్లు. ఒక్కో వాక్యాన్ని మొదట ఇంగ్లీషులో, దాని కింద చెవిన పడింది పడినట్టు వాళ్లకు అలవాటైన లిపిలో రాయమన్నాను. ఎక్కువమంది తెలుగులో రాశారు, ముగ్గురు ఉర్దూలో రాసి నాకు చదివి వినిపించారు. ఈ మొత్తం పనిలో నాకు ఎక్కువ తెలిసింది ఈ కాగితాల వల్లే. తెలుగు లిపికి స్పెల్లింగు గొడవ లేదు కనుక చెవికి ఏం అందిందో అచ్చంగా అది కాగితం మీదికి వచ్చింది.

'షి వర్క్‌డ్ ఇన్ ఏన్ ఆఫీస్' అన్న వాక్యాన్ని ఒకమ్మాయి తెలుగులో 'షి వర్క్టి నానాఫీస్' అని రాసింది. ఒక్క శబ్దం పోలేదు. ప్రత్యయమూ ఉంది, ఆర్టికలూ ఉంది. అదే అమ్మాయి పై వరసలో ఇంగ్లీషులో రాసింది మాత్రం 'షి వర్క్ ఇట్ ఇన్ ఆఫీస్' అని. చెవి తన పని తాను చేసింది, మాటలు ఎక్కడ విరుగుతాయో తెలియక చేయి తడబడింది. ఇలాంటి కాగితాలు 42లో 17 ఉన్నాయి. వాళ్లందరినీ నా మొదటి పరీక్ష 'వినలేనివాళ్లు'గా లెక్కగట్టింది.

మరునాడు నల్లబల్ల మీద 'రాముడతడు' అని రాసి విడదీయమన్నాను. 'రాముడు, అతడు, ఉత్వసంధి' అని తరగతంతా ఒక్క గొంతుతో అరిచింది. ఉర్దూ మీడియం వాళ్లకు పక్కవాళ్లు వివరించారు. దాని కింద తెలుగు లిపిలోనే 'వర్క్టిన్' అని రాసి, ఇదీ విడదీయండి అన్నాను. కొంతసేపు నిశ్శబ్దం. వెనక బెంచీలోంచి ఒకడు "వర్క్‌డ్ ప్లస్ ఇన్, సార్. ఇంగ్లీషుల గూడ సంధులుంటయా?" అన్నాడు. ఉంటాయి, కాకపోతే వాళ్లు పలికేటప్పుడు కలుపుతారు, రాసేటప్పుడు విడదీస్తారు. మన కవులు రాసేటప్పుడు కూడా కలిపేస్తారు అని చెప్పాను. తెలుగు లెక్చరర్ గారు పక్క గదిలోంచి విని, నా క్లాసు మీరు తీసుకుంటున్నారా అని అడిగారు.

సెప్టెంబరు 26

ఎల్లుండి నుంచి దసరా సెలవులు. మూడో ముసాయిదాలో 18 వినికిడి బిట్లను 12కు తగ్గించి, ఆ ఆరింటి స్థానంలో సంధి విడదీసే ప్రశ్నలు పెట్టాను: వాక్యం వినిపిస్తారు, కాగితం మీద ఖాళీ గడులు ఎన్ని మాటలున్నాయో అన్ని ఉంటాయి, గడికొక మాట రాయాలి. స్పెల్లింగు తప్పుకు మార్కు పోదు. ప్రత్యయం, ఆర్టికల్ ఉన్నాయా లేవా అన్నదే చూస్తాం. దిద్దడం బిట్లంత వేగంగా సాగదు, 42 మందికి కాబట్టి సరిపోతుంది. సెక్షనుకు 80 మంది ఉన్న చోట ఎలా దిద్దుతారన్న ఎకనామిక్స్ లెక్చరర్ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

ఆరు వాక్యాల రికార్డింగులు నిన్న రాత్రి వచ్చాయి. అయిదు బాగున్నాయి. ఆరోదాంట్లో పాత 'వర్క్‌డ్ టుగెదర్' గొడవ గుర్తుండి కాబోలు, మేనకోడలు రెండు 'ట్'లనూ విడివిడిగా, బడిపిల్లకు చెప్పినట్టు ఒత్తి పలికింది. అలా ఎవరూ మాట్లాడరని జులైలో నాకు చెప్పిన పిల్లే. ఆ వాక్యం చివరి మాటను అచ్చుతో మొదలయ్యేలా మార్చి, మామూలుగా మాట్లాడి పంపమని ఇప్పుడే రాశాను.